పెయ్య మెడలో కొత్త పలుపు

ఆ ఉదయం ఆకాశం రెండుగా ఉంది. తూర్పున తోమి బోర్లించిన గిన్నెలా తేటగా ఉంది. ఉత్తరాన, చింతలపూడి వైపు, బూడిదరంగు మబ్బు ఒకటి నేలకి ఆనుకుని పడుకుంది. లేస్తుందో లేవదో చెప్పడం లేదు. రాత్రి గాలి వేసింది. మామిడిచెట్ల కింద పిందెలు రాలి ఉన్నాయి, ఎక్కువేం కాదు. కూరకి సరిపడా ఏరుకుని కండువాలో వేసుకున్నాను.

ఆకాశం చూశాక స్లాబు చూశాను. స్లాబు చూశాక పెయ్య మెడ చూశాను. పలుపు ఇంకా అలాగే ఉంది.

పోయినవారం కథ ఆ పలుపు దగ్గరే ఆగింది కాబట్టి అక్కణ్ణుంచే అందుకుంటాను. వెంకటకృష్ణారావు గారి మామిడితోటకి కాపలా ఉన్నవాళ్ళం మేము, నేనూ నా భార్య పార్వతీ. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ తోట చివర, కాలవ పక్కన, మాకంటూ కొనుక్కున్న కాస్త జాగాలో ఇప్పుడు ఇల్లు కడుతున్నాం. ఇల్లు అయ్యేదాకా పక్కనే రేకుల షెడ్డులో కాపరం. షెడ్డులో సగం మాది. మిగతా సగం ఎర్రావుది, దాని పెయ్యదూడది, తల్లి చచ్చిపోయిన రెండు మేకపిల్లలది, గంప కింద ఉన్న కోడిపిల్లలది. పొద్దున్న లేస్తే ఎవరి సగంలో ఎవరున్నారో తెలియదు.

వెంకటకృష్ణారావు గారి అబ్బాయి కృష్ణకాంత్ బాబు నూజివీడులో కొత్త ఇల్లు కట్టాడు. ఈ గురువారమే గృహప్రవేశం. మనుషులకంటే ముందు ఆవూ దూడా గడప దాటాలి గనక మా ఎర్రావునీ పెయ్యనీ అడగడానికి కారేసుకుని వచ్చాడు. తెలిసినవాళ్ళు అడిగితే లేదనం. పార్వతి తోలుకొస్తామని చెప్పి సిమెంటు తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను గడ్డికి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే కారు లేదు. పెయ్య మెడలో మా పాత తాడు తీసేసి ఉంది. దాని చోట కొత్త పచ్చ నైలాను పలుపు ఉంది.

తెలియనివాళ్ళకి అది తాడే. మా వైపు పశువు చేతులు మారేటప్పుడు ఒక పద్ధతుంది. ఇచ్చేవాళ్ళు తమ పలుపు విప్పి ఉంచుకుంటారు. పుచ్చుకునేవాళ్ళు తమ పలుపు తెచ్చి కట్టుకుంటారు. ఆ ముడి పడితే పశువు వాళ్ళది. ఒకపూట పనికి అడిగి తీసుకెళ్ళే పశువుకి ఎవరూ కొత్త పలుపు కట్టరు. ఉన్న తాడుతో తోలుకెళ్ళి ఆ తాడుతోనే తెచ్చి కట్టేస్తారు. ఆ సంగతి కృష్ణకాంత్ బాబుకి తెలుసు. రైతు బిడ్డే. తెలిసే కట్టాడు.

ఆ పలుపుతో గురువారం వెళ్ళిన పెయ్య వెనక్కి రాదు. మా ఇంటి గడప దాటే మొదటి కాళ్ళు ఆ పెయ్యవి కావాలని పార్వతి పునాది తవ్విన రోజునుంచీ అనుకుంటోంది. అప్పటికి పెయ్య ఇంకా ఎర్రావు కడుపులో ఉంది.

*

పార్వతి స్లాబు మీద నిలబడి నీళ్ళు పెడుతోంది. స్లాబు చుట్టూ, మధ్యలోనూ మట్టి గట్లు వేసి, వరిమడికి కట్టినట్టు నీళ్ళు కట్టాం. సిమెంటు ఆ నీళ్ళు తాగి గట్టిపడాలి. గట్లన్నీ పార్వతే వేసింది. ఇంత వరసైన గట్లు ఏ స్లాబు మీదా చూడలేదన్నాడు మేస్త్రి. నాట్లు వేసిన చెయ్యి మరి.

నల్ల మేకపిల్ల ఏటవాలు చెక్కల మీదుగా పైకి ఎక్కేసింది. నీళ్ళలో నాలుగు కాళ్ళూ పెట్టి నిలబడి చుట్టూ తోటలు చూస్తోంది, తను కట్టించినట్టు.

"దాన్ని దించయ్యా. గట్టు తొక్కుతోంది" అంది పార్వతి.

"నువ్వు పైనే ఉన్నావుగా."

"నా చేతిలో పైపుంది. నీ చేతిలో ఏముంది, ఆకాశమా?"

ఎక్కి దించాను. దిగేటప్పుడు అది నా చొక్కా గుండీ ఒకటి కొరికి నోట్లో పెట్టుకుంది.

"పెయ్య మెడ వంక అదే పనిగా చూడకు" అంది పార్వతి పైనుంచి. "విప్పకు."

"విప్పలేదుగా."

"విప్పాలని చూస్తున్నావు. కట్టినవాళ్ళే విప్పాలి."

"నైలానుది. ఒరుసుకుంటుందేమో."

"లోపల గుడ్డ చుట్టాను. చూసుకోలేదా?"

చూశాను. తన పాత జాకెట్టు గుడ్డ. పలుపుకీ మెడకీ మధ్య మెత్తగా చుట్టి పెట్టింది. కోపం పలుపు మీద. పెయ్య మీద కాదు.

ముందురోజు కృష్ణకాంత్ బాబుకి నేను ఫోను చేశాను. "తాడు మీరే వచ్చి విప్పుకోవాలంటోంది బాబూ, మా ఇంట్లో" అన్నాను. ఆయన "తాడేగా అప్పారావూ. ఉండనీ" అన్నాడు. ఉండనీ అన్న మాటలో అంతా ఉంది. పార్వతికి ఆ మాట అలాగే చెప్పాను. ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

ఎర్రావు పుట్టింది వాళ్ళ కొట్టంలోనే. అందుకే నాకు భయం. వెంకటకృష్ణారావు గారు పోయాక పశువుల్ని చూసేవాళ్ళు లేక ఒక్కొక్కటే అమ్మేశారు. ఆఖరి ఆవు ఈనుతూ చచ్చిపోయింది. ఆయన భార్య గోవిందమ్మ గారు ఆ పసికందు వంక చూసి, "బతికితే నీదేనే పార్వతీ, తీసుకుపో" అంది. నిలబడలేదు అది. పలుపు కట్టడానికి మెడ కూడా నిలపలేదు. పార్వతి కొంగులో చుట్టి ఎత్తుకొచ్చింది. వేలికి గుడ్డ చుట్టి మేకపాలలో ముంచి చప్పరించనిచ్చింది. బతికింది. పెరిగింది. ఇప్పుడు ఈనింది.

కాబట్టి ఎర్రావు ఏ పలుపూ లేకుండా మాకు వచ్చింది. దానిమీద ఎవరైనా ఏమైనా అనొచ్చు.

*

సువర్ణరాజు మేస్త్రి హనుమాన్ జంక్షన్ నుంచి బండి మీద వచ్చాడు. వస్తూనే స్లాబు కిందకి దూరాడు. లోపల గదుల్లో అడుగు తీసి అడుగు వేస్తే ఊతం పెట్టిన సరుగుడు బాదు తగులుతుంది. స్లాబు బరువంతా ప్రస్తుతానికి వాటి నెత్తిమీదే ఉంది. రోజూ పొద్దున్న ఒక్కొక్కదాన్నీ తట్టి, చెవి పెట్టి, బయటికి వస్తాడు.

"అప్పారావన్నా, నీ ఇల్లు భేషుగ్గా ఉంది. మీ ఆవిడ మొహమే బాలేదు. ఏం, టీ లేదా?"

"అడుగు" అన్నాను.

"నేనడగను. ఆ పలుపు కట్టినప్పటినుంచీ అక్క చేతిలో తాపీ చూసినా నాకు భయంగానే ఉంది."

పార్వతి దిగి వచ్చి టీ పోసింది. తర్వాత గుమ్మానికి అడ్డం కట్టిన తడిక సరిచూసింది. ముందు గుమ్మానికి ఒకటి, దొడ్డి గుమ్మానికి ఒకటి తడికలు కట్టి ఉంచింది. పని మీద మేం తిరుగుతూనే ఉంటాం. పని మీద తిరగడం వేరు, ప్రవేశం వేరు. పెయ్యకంటే ముందు మేకపిల్లగానీ కోడిపిల్లగానీ ఆ గడప దాటకూడదని ఆమె పట్టు. తడికలు లేని రోజున కోడిపిల్ల ఒకటి తడి సిమెంటు మెట్టు మీద నడిచింది. ఆ అడుగులు మెట్టు మీద ఉండిపోయాయి. చెరుపుతానంటే వద్దంది. మెట్టు బయటే కదా, ఫరవాలేదంది.

ఆటో చప్పుడయింది. తోటలోంచి వచ్చే దారిలో ఆటో రావడం తక్కువ. ఆగింది. గోవిందమ్మ గారు దిగింది.

ఒక్కతే వచ్చింది. గంజిపెట్టిన నేతచీర, చేతిలో చిన్న సంచీ. ఆటో అబ్బాయిని ఉండమని చెప్పలేదు, పొమ్మంది. అది చూసి ఈ పని చిన్నది కాదనుకున్నాను. ఇన్నేళ్ళలో ఆమె మా ఇంటికి రాలేదు. మేమే వెళ్ళేవాళ్ళం, వెనక వసారా దాకా.

"రండమ్మగారూ" అంది పార్వతి. చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. మంచం వాల్చాను. ఆమె కూర్చోలేదు.

ఇంటి చుట్టూ తిరిగింది. గోడ మీద వేలి కణుపుతో కొట్టి చూసింది. దొడ్డివైపు బాత్‌రూమ్‌కి తవ్విన గొయ్యి చూసింది. ద్వారబంధం దగ్గర నిలబడి అరచేత్తో నిమిరింది.

"వేపేనా?"

"వేపేనండి" అంది పార్వతి.

"మా తోటలోదా?"

"కాదండి. కొన్నదే."

"మా తోటలో ఉన్నాయిగా. అడిగితే ఇవ్వనా?"

"ఇచ్చేవారేనండి" అంది పార్వతి. అంతకు మించి అనలేదు. అడగలేదన్న మాట అందులోనే ఉంది. గోవిందమ్మ గారికి అది చేరింది. తల ఊపింది.

"ఇల్లు బాగుందే. సూటిగా ఉంది."

సువర్ణరాజు మెట్టు దగ్గర నుంచి తాపీ ఎత్తి దణ్ణం పెట్టాడు, ఆ మాట తనకే అన్నట్టు.

అప్పుడు పార్వతి అడిగేసింది.

"గృహప్రవేశానికి అడిగితే తోలుకొస్తానన్నాను కదండీ అమ్మగారూ. పలుపెందుకు కట్టించారు?"

"పాత తాడు చీకిపోయి ఉంటే వాడేదో కట్టాడట."

"చీకలేదండి. అదిగో, ఆ గుంజకే వేలాడుతోంది. మీరే లాగి చూడండి."

"తాడు గురించి ఇంత రాద్ధాంతమా పార్వతీ?"

"మాకు చర్చిలో ఇవేవీ లేవుగానండీ, ఆ తాడు సంగతి నాక్కూడా తెలుసు" అన్నాడు సువర్ణరాజు, తాపీ వంక చూస్తూ.

"నిన్నెవరు అడిగారయ్యా?"

"ఎవరూ అడగలేదండి. సిమెంటు ఆరేలోగా నోరు ఖాళీగా ఉంది."

గోవిందమ్మ గారు పెయ్య దగ్గరికి నడిచింది. అది ఆమె చీర కుచ్చిళ్ళు వాసన చూసి, నాలుక చాపి ఒకసారి నాకింది. నుదుటి మీద తెల్లటి మచ్చ దానికి. ఆమె ఆ మచ్చ మీద బొటనవేలు పెట్టి అలాగే ఉంచింది.

"మా అత్తగారు చింతలపూడి నుంచి కాపరానికి వచ్చినప్పుడు తోలుకొచ్చిన ఆవుకి ఈ మచ్చ ఉండేది" అంది. "దాని కడుపున పుట్టినవాటిలో తరానికి ఒకదానికి వచ్చేది. ఎర్రావుకి రాలేదు. దీనికి వచ్చిందని మావాడు ముందోసారి తోటకి వచ్చినప్పుడు ఫోనులో ఫోటో తీసుకొచ్చి చూపించాడు."

ఆమె బొటనవేలు ఇంకా ఆ మచ్చ మీదే ఉంది.

"కొత్తింట్లో వెనక జాగా వదలమన్నాను. చిన్న కొట్టం కట్టించాను. ఆవుని కొనుక్కొస్తానమ్మా, ఏ ఆవయితే ఏంటి అన్నాడు. నాకు ఏ ఆవో వద్దు." పార్వతి వైపు తిరిగింది. "నువ్వు మా ఇంట్లో చేసినంత కాలం నీకు పని చెప్పాను. నిన్నెప్పుడూ అడగలేదు. ఎలా అడగాలో నోటికి రాలేదు. పలుపిచ్చి మావాణ్ణి పంపించాను. నువ్వే అర్థం చేసుకుని ఊరుకుంటావనుకున్నాను."

"అర్థమయిందండి" అంది పార్వతి. "ఊరుకోవడమే కుదరలేదు."

ఆమె మాట గట్టిగా లేదు. మామూలుగా ఉంది. నేను ఆమె పక్కన నిలబడ్డాను. అంతకంటే చెయ్యడానికి నాకేం లేదు. అయినా ఆ నిలబడటంలో నా నడుం నిటారుగా అయింది.

"తోలుకొస్తానండి. మాట అన్నాను కాబట్టి వస్తాను. నా తాడుతో తోలుకొస్తాను, నా తాడుతోనే వెనక్కి తోలుకొచ్చేస్తాను. కానీ నా గడప దాటకుండా ఇది ఇంకొకరి గడప దాటదు."

"నీ ఇంటికి తలుపుల్లేవు కదే. లోపల నేల లేదు. చూస్తే కర్రల అడివిలా ఉంది."

"కప్పు పడిందండి. కప్పు పడ్డాక ఇల్లే."

"ముహూర్తం?"

"ఇల్లు పూర్తయ్యాక మనుషులం ముహూర్తం చూసుకునే వెళ్తాం. పాలు అప్పుడే పొంగిస్తాం. దూడకి ముహూర్తమేంటండి, దానికి వాళ్ళమ్మ కనిపిస్తే చాలు."

సువర్ణరాజు లేచి నిలబడ్డాడు. "అక్కా, ఆగు. ఆవుని లోపలికి తీసుకెళ్తానంటున్నావా? దాని కొమ్ము తగిలి ఒక్క బాదు జారిందంటే ఈ పూటే స్లాబు నేలమీద ఉంటుంది. దారి కోసం రెండు బాదులు తియ్యమంటావా, నేను తియ్యను. నువ్వు తీశావా, తట్టా తాపీ పట్టుకుని జంక్షన్‌కి పోతాను. నా పేరు చెప్పుకుని కట్టిన ఇల్లిది."

"తియ్యమన్లేదు తమ్ముడూ. ఆవు బయటే ఉంటుంది."

ఎలాగో అప్పుడు చెప్పింది. ఎర్రావుని చుట్టూ తిప్పి దొడ్డి గుమ్మం బయట నిలబెడుతుంది. పెయ్య ముందు గుమ్మం దగ్గర ఉంటుంది. తల్లి పిలిస్తే పెయ్య బాదుల మధ్యనుంచి ఇల్లంతా దాటి వెళ్తుంది. పెయ్య వెడల్పుకి బాదుల మధ్య చోటుంది. ఆమె ఎప్పుడు కొలుచుకుందో నాకు తెలియదు.

సువర్ణరాజు గడ్డం గోక్కున్నాడు. "హాల్లో మధ్య బాదు దగ్గర నేను నిలబడతా. దాని మీదికి వస్తే నేనే అడ్డం పడతా. నా కాలు విరిగినా ఫరవాలేదు."

"ఆ పలుపుతో మాత్రం గడప దాటనివ్వను" అంది పార్వతి, గోవిందమ్మ గారి వంక చూసి.

గోవిందమ్మ గారు సంచీ మంచం మీద పెట్టింది. "కట్టమన్న నోరు నాది. విప్పే చెయ్యీ నాదే అవ్వాలిగా" అని పెయ్య మెడ దగ్గర వంగింది.

నైలాను ముడి బిగిసిపోయి ఉంది. ఆమె వేళ్ళు సన్నం, కీళ్ళు వాచి ఉన్నాయి. ముడి జారింది, మళ్ళీ పట్టుకుంది. నేనొక అడుగు వేశాను. పార్వతి నా చెయ్యి పట్టుకుని ఆపింది. పెయ్య మెడ చాపి ఓపిగ్గా నిలబడింది, గోకుతోందనుకుని. చాలాసేపటికి ముడి వదిలింది. లోపల చుట్టిన జాకెట్టు గుడ్డ బయటపడింది. గోవిందమ్మ గారు ఆ గుడ్డ చూసింది, పార్వతిని చూసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా లేచింది.

*

పార్వతి గడపకి పసుపు రాసి కుంకుమ పెట్టింది. రెండు గుమ్మాల తడికలూ తీశాం. ఎర్రావుని తోలుకుని ఆమె వెనక్కి వెళ్ళింది. సువర్ణరాజు లోపలికెళ్ళి మధ్య బాదుని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. పెయ్యని పట్టుకుని నేను మెట్ల పక్కన నిలబడ్డాను.

వెనకనుంచి ఎర్రావు అరిచింది. పెయ్య చెవులు నిక్కాయి. ఒక్క అంగలో గడప దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. వంగి పసుపు వాసన చూసింది. తుమ్మింది. ఎదురుగా బాదుల వరసలు, వాటి సందుల్లోంచి అవతల దొడ్డి గుమ్మంలో కాస్త వెలుగు. ఆ వెలుగులో ఎర్రటి పొట్ట.

"పో" అన్నాను. తొయ్యలేదు. తోస్తే ప్రవేశం కాదు.

అంతలో నా కాళ్ళ పక్కనుంచి నల్లటిదేదో దూకింది. మేకపిల్ల. తడిక తీసిన గుమ్మం దానికి కనిపించింది. రెండోది దాని వెనకే. నల్లదాన్ని నేను వెనక కాలు దొరకబుచ్చుకుని లాగాను. రెండోది తెలివైంది, మెట్టు ఎక్కేసింది. గడపకీ దానికీ మధ్య జానెడు ఉంది.

"అయ్యో, పట్టుకో అప్పారావన్నా" అని లోపలినుంచి సువర్ణరాజు. ఆయన బాదు వదలలేడు. నా రెండు చేతుల్లోనూ నల్లది తన్నుకుంటోంది.

గోవిందమ్మ గారు వంగి ఆ మేకపిల్లని ఎత్తేసింది.

ఎత్తి చంకన పెట్టుకుంది. గంజిచీర మీద దాని కాళ్ళు. అది మెడ తిప్పి ఆమె చెవి కమ్మని నోట్లో పెట్టుకోబోయింది. "ఛీ, ఉండవే" అని దాని మూతి అరచేత్తో మూసింది. చూపు మాత్రం పెయ్య మీంచి తీయలేదు. "ఊఁ, వెళ్ళవే తల్లీ. మీ అమ్మ పిలుస్తోంది చూడు" అంది. గడప దాటించడానికి మాలో ఎంత ఆత్రం ఉందో ఆమె గొంతులోనూ అంతే ఉంది.

ఎర్రావు ఇంకోసారి అరిచింది, గొంతు సాగదీసి.

పెయ్య ముందు కుడికాలు ఎత్తింది. గడప అవతల వేసింది. నేను కుడికాలే చూశాను, సువర్ణరాజు కుడికాలే చూశాడు, గోవిందమ్మ గారు బయటికే అంది, "కుడికాలే." తర్వాత ఎడమది. వెనక కాళ్ళు రెండూ ఒక్కసారే గెంతేసింది. ఇంట్లోకి వచ్చాక దానికి భయం పోయింది. బాదుల మధ్య ఇటు ఒరిగి అటు ఒరిగి, ఒక్కదానికీ తగలకుండా, తోక పైకెత్తి పరుగెత్తింది. సువర్ణరాజు ఊపిరి బిగపట్టి గుళ్ళో విగ్రహంలా నిలబడ్డాడు. హాలు మధ్యలో ఆయన పక్కన ఆగి, కాళ్ళు కాస్త ఎడం చేసి, తీరుబడిగా ఉచ్చ పోసింది.

"అభిషేకం కూడా అయిపోయింది" అన్నాడు సువర్ణరాజు, పాదం వెనక్కి తీసుకుంటూ.

పెయ్య దొడ్డి గుమ్మం దాటి తల్లి పొదుగు కింద తల దూర్చింది. పొదుగు కుమ్మిన చప్పుడు ముందు గుమ్మం దాకా వినిపించింది.

నేను ఇంటి ముందు నిలబడి ఇంట్లోంచి అవతలికి చూశాను. ఇంత కాలం ఇసకా, ఇటుకా, ఊచలూ చూశాను. ఆ వేళ ఇల్లు చూశాను. వేరేవాళ్ళ చెట్లకి కాపలా కాసిన కళ్ళు నావి. మా దాన్ని చూడటం వాటికి అలవాటు లేదు. కాసేపు పట్టింది.

పార్వతి చుట్టూ తిరిగి వచ్చింది. మొహం కడుక్కుని వచ్చినట్టుంది. తడికలు మళ్ళీ కట్టింది. గోవిందమ్మ గారి చంకలోని మేకపిల్లని తీసుకోవడానికి చేతులు చాపింది. ఆమె ఇవ్వలేదు.

"ఇప్పుడు అడుగుతున్నానే పార్వతీ" అంది. "పలుపు పంపించడం కాదు. మావాడు అడగడం కాదు. నేనే మీ ఇంటికొచ్చి అడుగుతున్నాను. ఆ పెయ్యని నాకిస్తావా?"

గాలి లేదు. మేకపిల్ల ఆమె కొంగు నములుతోంది. సువర్ణరాజు మెట్టు దగ్గరికెళ్ళి ఆరిపోయిన సిమెంటునే మళ్ళీ నున్నగా చెయ్యడం మొదలుపెట్టాడు. నేను పార్వతి వంక చూశాను. ఏ చెట్టు కాస్తుందో ఏది కాయదో పూతలో చెప్పగలను. ఆ మొహంలో నాకేం కనిపించలేదు.

"అన్నం వేళయిందండి" అంది పార్వతి. "ముందు తినండి."

*

షెడ్డులో మా సగంలో గోనె పరిచాను. మంచం మీద పెడతానంటే గోవిందమ్మ గారు వద్దంది. కింద కూర్చుంది, గోడకి ఆనుకోకుండా. రాలిన పిందెలతో పప్పు, గోంగూర, మజ్జిగ. నాకూ సువర్ణరాజుకీ ఆమె పక్కనే కంచాలు పెట్టింది పార్వతి. వాళ్ళింట్లో మేం తిన్న రోజులున్నాయి, ఆమె లోపల, మేం బయట. ఇలా ఒకే వరసలో కూర్చోవడం ఇదే మొదలు. గోవిందమ్మ గారు కంచం ముందుకి లాక్కుని పప్పు కలుపుకుంది.

కోడిపిల్లలు గంప కిందనుంచి తల బయట పెట్టాయి. ఆమె నాలుగు మెతుకులు అటు విదిల్చింది.

తోట దారిలో కారు వచ్చి ఆగింది. తలుపు పడిన చప్పుడయింది. కృష్ణకాంత్ బాబు తల్లిని వెతుక్కుంటూ వచ్చాడు. షెడ్డు ముందు నిలబడి, గోనె మీద కూర్చుని తింటున్న ఆమెని చూశాడు. ఏదో అనబోయాడు. గోవిందమ్మ గారు తలెత్తకుండా కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. పార్వతి ఇంకో కంచం కడిగి అక్కడ పెట్టింది. ఆయన బూట్లు విప్పడానికి కొంచెంసేపు పట్టింది.

పక్క సగంలో పెయ్య పాలు తాగుతోంది. మేం అన్నం తింటున్నాం. జవాబు చెప్పాల్సిన మనిషి అందరికీ వడ్డిస్తూనే ఉంది.